గొర్రెకున్న గౌరవం

"టూ థర్టీ అక్కా, టూ థర్టీ!" అన్నాడు పాండీ బజారు కొట్టు కుర్రాడు, చెపాక్‌లో మనవాళ్లు కొట్టిన స్కోరు చెబుతున్నట్టు. జుట్టు ఇస్త్రీ యంత్రం పెట్టె మీద ఆ అంకె అరచెయ్యంత అచ్చేసి ఉంది. 230 డిగ్రీలు. "ఎంత సురుట్టై ముడి అయినా ఒక్క లాగుడికి దారికొచ్చేస్తుంది."

సురుట్టై ముడి అంటే రింగుల జుట్టు. దారికి రావలసిన ముద్దాయి నా పక్కనే నిలబడి ఉంది. మా అన్నయ్య కూతురు. ఓఎంఆర్‌లో కంప్యూటర్ ఉద్యోగం, శుక్రవారం సాయంత్రం నిశ్చితార్థం, నెత్తి మీద అచ్చంగా మా నాయనమ్మ జుట్టు: ఒత్తుగా, బిరుసుగా, ఒక్కో పాయ ఒక్కో జిలేబీ చుట్టు. నాదీ అదే జుట్టు. కాకపోతే నాది నెరిసిపోయింది కాబట్టి దాన్ని సంస్కరించే ఓపిక ఎవరికీ లేదు. పిల్లదాని సంగతి అలా కాదు. "ఫోటోల్లో కాస్త పద్ధతిగా కనపడితే బాగుంటుందేమో" అని అబ్బాయి మేనత్త ఫోన్లో అందట. అడగలేదు, ఊరికే అందంతే. వియ్యాలవారి భాషలో ఈ రెండింటికీ ఉన్న తేడా హైకోర్టు తీర్పుకీ హైకోర్టు వ్యాఖ్యకీ ఉన్నంత. మా వదిన తీర్పుగానే తీసుకుంది.

"230 ఎందుకు బాబూ?" అన్నాను.

"పవర్ అక్కా."

"తగ్గించుకోవచ్చా?"

పెట్టె అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆన్ ఉంది, ఆఫ్ ఉంది."

మా ఇంట్లో ఒక ఉన్ని స్వెటర్ ఉంది. మద్రాసులో స్వెటర్ అంటే దేవుడి నగల్లాంటిది, పెట్టెలోంచి బయటికి రావడమే ఉత్సవం. మా ఆయన జన్మకోసారి చలికాలంలో ఢిల్లీ వెళ్లినప్పుడు దానికి ఊరేగింపు, మిగతా రోజులన్నీ కలరా ఉండల మధ్య నిద్ర. దాని మెడ వెనక చిన్న గుడ్డముక్క కుట్టి ఉంటుంది. దాని మీద ఇస్త్రీపెట్టె బొమ్మ, బొమ్మ కడుపులో రెండు చుక్కలు. ఒక్క చుక్క ఉంటే 110 డిగ్రీలు దాటకూడదు, రెండుంటే 150, మూడుంటే 200. దేశదేశాల బట్టల మీద ఏళ్ల తరబడి ఇదే లెక్క. నూలుకీ నారకీ మూడు చుక్కలు. పట్టుకీ ఉన్నికీ రెండే.

ఉన్ని అంటే ఏమిటి? గొర్రె వెంట్రుక. అది దేనితో తయారైంది? కెరాటిన్‌తో. మా మేనకోడలి వెంట్రుకో? అదీ కెరాటినే. ఒంటి మీంచి కత్తిరించి, వడికి, అల్లి, మా ఆయన బొజ్జ మీదికి లాగాక కూడా గొర్రె బొచ్చుకు 150 దాటనివ్వని మర్యాద దక్కుతోంది. పెళ్లి కావలసిన పిల్ల నెత్తికి మాత్రం నార చొక్కాకన్నా 30 డిగ్రీలు ఎక్కువ. పూర్తిగా ఆరిన వెంట్రుకలో కెరాటిన్ కరిగి చెడిపోయేది కూడా సుమారు ఆ 230 దగ్గరే. ఆ అంకెను హెచ్చరికగా అచ్చేయాల్సింది పోయి ప్రతాపంగా అచ్చేశారు. ప్రమాదం బోర్డు మీది పుర్రె బొమ్మను చూపించి "చూశారా, ఎంత నవ్వుతోందో" అన్నట్టుంది వరస.

మా వీధి మలుపులో వేపచెట్టు కింద ఇస్త్రీ బండి ఉంటుంది. ఆయనది ఇప్పటికీ బొగ్గుల పెట్టె. పట్టుచీర తీసుకోబోయే ముందు పెట్టెను తడిగుడ్డ మీద రెండుసార్లు నడిపిస్తాడు, వేలు తడిచేసి అడుగున తాకిస్తాడు, ఆ చప్పుడు చెవికి నచ్చితేనే చీర మీద ఆనిస్తాడు. ఆయనకు కెరాటిన్ తెలియదు. పట్టు కాలితే కొనివ్వాలని తెలుసు. జుట్టు యంత్రం అమ్మేవాడికి ఆ బెంగ లేదు. కాలిన జుట్టుకు షాంపూ, సీరం, మాస్కు, అన్నీ పక్క అరలోనే ఉన్నాయి.

ఇంతకీ ఆ వంకర వెంట్రుకలో ఎక్కడుంటుంది? రింగు పుట్టేది కుదురు దగ్గర. దాన్ని పట్టి నిలిపేవి లోపలి బంధాలు, వాటిలో ముఖ్యమైనవి రెండు రకాలు. హైడ్రోజన్ బంధాలు మన ఎన్నికల పొత్తుల్లాంటివి. తడి తగిలితే విడిపోతాయి, వేడి తగిలితే విడిపోతాయి, సద్దుమణిగాక ఎవరి పక్కన ఉంటే వాళ్లతోనే మళ్లీ చెయ్యి కలుపుతాయి, నిన్నటి మాట గుర్తుండదు. ఇస్త్రీ పనంతా వీటి మీదే. గంధకం బంధాలు అలా కాదు. అవి కులం పట్టింపుల్లాంటివి. నీళ్లు పోసినా కదలవు, మామూలు వేడికి జంకవు, ఘాటైన రసాయనం పడితే తప్ప ఊడవు. పొత్తు విడగొట్టడానికి సన్నజుట్టుకు 150, మొండిజుట్టుకు 180, మహా అయితే 190 చాలు. అంతకు మించితే పొత్తుతో ఆగదు, పార్టీ ఆఫీసుకే నిప్పంటుకుంటుంది. ఇంగ్లండులో 2001లో మొదలైన జీహెచ్‌డీ కంపెనీ తన యంత్రాలను 185 దగ్గర కట్టేసి, మీట తిప్పే సౌఖ్యం కూడా ఇవ్వకుండా ప్రపంచమంతా అమ్ముకుంది. మన కొట్లో ఆ అంకె చెబితే "అంత తక్కువా?" అని జాలిపడతారు.

సరే, పొత్తు విడిపోయింది, జుట్టు నిటారుగా నిలబడింది. దాన్ని మళ్లీ కలిపేదెవరు? బంగాళాఖాతం.

ఈ ఊరి వాతావరణ వార్తకు ఎప్పుడూ రెండు పేర్లు కావాలి, నుంగంబాక్కం, మీనంబాక్కం. నుంగంబాక్కంలో ఈస్టిండియా కంపెనీ 1792లో ఖగోళ వేధశాల కట్టింది, ఇప్పుడక్కడ వాతావరణ కేంద్రం ఉంది. గాలిలో తేమ ఎంతుందో కొలవడానికి జెనీవా పండితుడు సొస్యూర్ 1783లో ఏం వాడాడో తెలుసా? మనిషి వెంట్రుక. తేమ పెరిగితే వెంట్రుక సాగుతుంది, పూర్తి పొడి నుంచి పూర్తి తేమ దాకా నూటికి రెండున్నర వంతులు. దానికి ముల్లు తగిలిస్తే తేమ అంకెల్లోకి వస్తుంది. తరాల తరబడి వాతావరణ కేంద్రాలు ఆ వెంట్రుక చెప్పిన మాటే పుస్తకాల్లో రాసుకున్నాయి. అంటే మా మేనకోడలు నెత్తి మీద మోస్తున్నది ఈ ఊరి మూడో వాతావరణ కేంద్రం. తెల్లవారేసరికి ఇక్కడి గాలిలో తేమ చాలా రోజులు డెబ్బై, ఎనభై శాతం. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరుగుతుంది. ఐప్పసి, కార్తిక మాసాల్లో వానలు సరేసరి. ఇంత తేమలో గంటన్నర కూర్చుని వాతావరణ పరికరాన్ని 230 డిగ్రీల దగ్గర బెదిరించి, "ఇవాళ గాలి పొడిగా ఉందని చెప్పు" అనడమే జుట్టు ఇస్త్రీ.

అక్కడితో ఊరుకునే రకమా మన కుర్రాడు? "సిరామిక్ కావాలా, టూర్మలిన్ కావాలా, టైటానియం కావాలా? నానో కూడా ఉందక్కా."

సిరామిక్ అన్నదాంట్లో చాలావరకు లోపల అల్యూమినియం, పైన పలచటి పూత. రోల్డ్‌గోల్డ్ గాజుల వ్యవహారం. పూత ఉన్నన్నాళ్లు వేడి ఒకేలా పరుచుకుంటుంది, గీతలు పడ్డాక పాత నాన్‌స్టిక్ పెనం మీద దోసె ఎలా పట్టుకుంటుందో జుట్టూ అలా పట్టుకుంటుంది. టైటానియం గబుక్కున కాగుతుంది, పట్టిన వేడి వదలదు. మా జుట్టులాంటి మొండిఘటానికి ఒక్క లాగుడులో పని తెముల్చుతుంది, నిజమే. కానీ అరక్షణం ఏమరుపాటును కూడా క్షమించదు. "రాకెట్లలో వాడతారక్కా" అన్నాడు. రాకెట్‌కు నిశ్చితార్థం లేదు నాయనా.

టూర్మలిన్ కథ మాత్రం నాకు భలే ఇష్టం. అది ఒక రాయి. పేరు సింహళ భాషలోని తోరమల్లి. మనకు ఉత్తరాన పులికాట్‌లో కోట కట్టుకుని కూర్చున్న డచ్చివాళ్ల జాతివారే పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో దీన్ని సిలోన్ నుంచి తమ దేశానికి మోసుకెళ్లారు. కాగితే దానికి విద్యుత్తు పుడుతుంది, తేలికపాటి వస్తువుల్ని లాక్కుంటుంది. డచ్చివాళ్లు దాంతో పొగాకు తాగే పైపుల్లోని బూడిద లాగేవారు, పేరే "బూడిద లాగే రాయి" అని పెట్టుకున్నారు. మూడు వందల ఏళ్లకు దాన్ని పొడిచేసి రేకుకు పూసి, 230 దగ్గర కాచి, ఆడపిల్లల నెత్తికి పెడుతున్నారు. బూడిద కొరత ఉండదు.

ఇక రేకుల్లో ఆర్గన్ నూనె కలిపారట. మొరాకో చెట్టు నూనె. రెండు వందల డిగ్రీలు కాగిన రేకులో ఆ నూనె ఎన్నాళ్లు కాపురం చేస్తుందో మొరాకోవాళ్లే చెప్పాలి. మన దగ్గర తలకు కొబ్బరినూనె రాసుకోని ఇల్లు లేదు, గానుగ కొబ్బరినూనె 175 దాటితే పొగలు కక్కుతుంది. నూనె తలకు ఇస్త్రీ పెట్టడాన్ని మా నాయనమ్మ బతికుంటే తాలింపు అనేది. తడి తలకు పెట్టడం ఇంకా ఘోరం. వెంట్రుక లోపలి నీరు అక్కడికక్కడే మరిగి ఆవిరై బుడగలు కడుతుంది, బుడగ ఉన్నచోటల్లా పుటుక్కుమంటుంది. ఆ 'స్స్‌'మన్న చప్పుడు విని "బాగా పని చేస్తోంది మేడం" అంటారు పార్లర్లలో. మా ఇస్త్రీ బండాయన అదే చప్పుడు విని పెట్టె పైకెత్తుతాడు.

అసలు మేం కొట్టుకు రావలసిన అవసరమే లేదు. మా పిన్ని కొడుకు డాలస్ నుంచి వస్తూ ఒకటి తెచ్చాడు. "అమెరికా సరుకు, ఇక్కడి చెత్త వాడకండి" అని మేనకోడలి చేతిలో పెట్టాడు. పిడి మీద చీమ తలకాయంత అక్షరాల్లో 120 వోల్టులు అని ఉంది. మన గోడలో వచ్చేది 230. వోల్టులు రెట్టింపుకు దగ్గరైతే వేడి పుట్టించే శక్తి మూడున్నర రెట్లు దాటుతుంది, ఇది పదో తరగతి పాఠం. మావాడు ఇంజనీరు, కనుక మర్చిపోయాడు. మూడుకాళ్ల ప్లగ్గు తగిలించి మీట నొక్కగానే అది ఎర్రగా కూడా కాలేదు. టప్‌మంది, ఫ్యూజు పోయింది, అపార్టుమెంటు మెట్ల మీద లైటుతో సహా. మా అన్నయ్య చీకట్లో అన్న మాటలు ఇక్కడ రాయలేను. 100 నుంచి 240 అని పిడి మీద ఉంటేనే సముద్రం దాటిన సరుకును గోడకు తగిలించాలి, లేకపోతే షోకేసులో ఎన్టీఆర్ బొమ్మ పక్కన పెట్టుకోవాలి.

కొట్టు బయటికొచ్చి చెరకురసం తాగుతూ చూస్తే ఎదురుగా త్యాగరాయ రోడ్డు అన్న బోర్డు. టీ నగర్‌కు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి నేత వంశంలో పుట్టిన తెలుగువాడు, 1925లో పోయాడు. పురి ఎక్కిన నూలే దారమవుతుందని, పురి విప్పితే మిగిలేది పీచేనని ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన పేరున్న వీధిలో ఇప్పుడు పురి విప్పే యంత్రాలు.

ఈ జబ్బు పాతది కూడా కాదు. మన కావ్యాల్లో నాయికలందరూ కుటిలకుంతలలే, కుటిలమంటే వంకరే. ముంగురులు చెంపల మీద సుడులు తిరగకపోతే ప్రబంధ కవికి సగం పద్యాలు కరువయ్యేవి. తెర మీద రింగులంటే ఇప్పటికీ మోజే. "అలా మొదలైంది"లో నిత్యా మీనన్‌ను చూసి మురిసిపోయాం. మలయాళం "ప్రేమమ్" 2015లో ఈ ఊరి హాళ్లలో రెండు వందల రోజులు దాటి ఆడితే, సగం ఊరు అనుపమ జుట్టు చూడటానికే వెళ్లింది. హాలు బయట అదే జుట్టుకు కాకిగూడు, పీచుమిఠాయి, సాయిబాబా అని పేర్లు. ఆ బాబా జుట్టు ముందు లక్షల మంది చేతులు కట్టుకుని నిలబడ్డారు, ఒక్కరూ దువ్వుకోమన్న పాపాన పోలేదు.

జుట్టు మీద వాదం పెట్టుకుంటే ఏమవుతుందో నక్కీరర్‌ను అడగాలి. ఆడదాని జుట్టుకు పరిమళం పుట్టుకతో ఉంటుందా, పూలు పెడితే వస్తుందా అని మధురలో సాక్షాత్తూ శివుడి పద్యానికే తప్పు పట్టాడు. మన ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో నత్కీరుడిగా కనపడేది ఆయనే. తమిళుల కథలో మూడో కన్ను తెరుచుకుంది, ఆ వేడికి తాళలేక వెళ్లి కోనేట్లో పడ్డాడు. జుట్టు దగ్గర డిగ్రీలు మితిమీరితే ఏం జరుగుతుందో అనుభవంతో చెప్పగలిగిన మొదటివాడు.

అమెరికాలో నల్లజాతి స్త్రీలకు ఇది నూరేళ్ల పైబడ్డ గోస. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల బిడ్డగా 1867లో పుట్టిన మేడం సీజే వాకర్ తలనూనెలు, కాచిన దువ్వెనలతో వ్యాపారం చేసి లక్షాధికారిణి అయిందంటే ఎన్ని తలలు ఎంత నొచ్చుకున్నాయో లెక్కేసుకోవచ్చు. జుట్టు తీరు చూసి ఉద్యోగంలో, బడిలో చిన్నచూపు చూడకూడదని కాలిఫోర్నియా 2019లో క్రౌన్ చట్టం తెచ్చింది. చట్టం యజమానిని ఆపుతుంది, హెడ్మాస్టరును ఆపుతుంది. అబ్బాయి మేనత్తను ఆపే చట్టం చేయగల శాసనసభ భూమ్మీద ఉందా?

విచిత్రం ఏమిటంటే ఈ జుట్టుకే బయట గొప్ప గిరాకీ. తిరుమల కల్యాణకట్టలో రాలిన తలనీలాలు వేలానికెళ్లి, శుభ్రపడి, విగ్గులై, సవరాలై సముద్రాలు దాటుతాయి. క్రిస్ రాక్ అనే హాస్యనటుడు 2009లో "గుడ్ హెయిర్" అని సినిమా తీస్తూ ఆ జాడ పట్టుకుని మన గుళ్ల దాకా వచ్చాడు. ఆ వ్యాపారంలో రంగూ రసాయనమూ ఇస్త్రీ వేడీ సోకని జుట్టును కన్యజుట్టు అంటారు, అన్నిటికన్నా పెద్ద ధర దానిదే. కత్తిరించి అమ్మితే మాత్రం వేడి తగలకూడదు. తల మీద ఉంటే, పెళ్లి కుదరాలంటే, కాల్చాలి.

పార్లరు దారి కూడా వెతికింది మా వదిన. "కెరాటిన్ చేయిద్దాం, మూడు నెలలు నిలుస్తుంది." పేరు కెరాటిన్, కానీ అలాంటి మందుల్లో చాలావాటిలో పని చేసింది ఫార్మాల్డిహైడ్. శవాలు చెడకుండా వాడే సరుకు. కేన్సర్ కారకమని అంతర్జాతీయ సంస్థ 2004లోనే తేల్చింది. ఆ మందు పూసి పైన ఇస్త్రీ పెడితే అది పొగై లేస్తుంది. పొగ లేచేటప్పుడు పార్లరు అమ్మాయి ముక్కుకు గుడ్డ కట్టుకుంటుంది, కుర్చీలో ఉన్నవాళ్లకు కట్టదు. మా వదినకు శవాల మాట చెప్పాక నిశ్చితార్థం ముందు అశుభమని ఊరుకుంది. కేన్సర్ మాటకు కదల్లేదు.

చివరికి మూడో కొట్లో నెల్లూరు పెద్దాయన ఒకాయన కింది అరలోంచి బూడిదరంగు పెట్టె తీశాడు. బొమ్మ లేదు, నటి లేదు, 230 పెద్దక్షరాల్లో లేదు. చిన్న అద్దంలో అంకె కనపడుతుంది, 120 నుంచి పదేసి డిగ్రీల చొప్పున ఎక్కుతుంది. రేకు అంగుళమున్నర వెడల్పు, అంచులు గుండ్రం, నొక్కితే స్ప్రింగు మీద కాస్త కదులుతుంది, అంటే పాయ నలిగి చిక్కుకోదు. మర్చిపోయి వదిలేస్తే తనే ఆరిపోతుంది. "దీన్నెవరూ అడగరమ్మా, చూట్టానికి ఏమీ ఉండదు" అన్నాడు. తీసుకున్నాం.

గురువారం నా పర్యవేక్షణలో రిహార్సల్. తల పూర్తిగా ఆరబెట్టి, వేడి తట్టుకునే సీరం రాసి, సన్నసన్న పాయలు తీసి, 170 మీద ఒక్కో పాయకు ఒక్కటే లాగుడు. గంటా ఇరవై నిమిషాలు పట్టింది. బాగానే వచ్చింది, ఆ మాట చెప్పుకోవాలి. వీపు మీద పట్టుకుచ్చులా జారింది. అద్దంలో తనను తాను చూసుకుని, ఎవరో కొత్తవాళ్లు ఇంటికొచ్చినట్టు కాస్త బిడియపడింది. అంతలో మా వదిన మేడ మీది బట్టలు తీసుకురమ్మంది. అయిదున్నర గంటలు. సముద్రం మీంచి గాలి. పది నిమిషాల్లో తువ్వాళ్ల గుట్ట పట్టుకుని కిందికి దిగేసరికి చెవుల పక్క నాయనమ్మ వచ్చి కూర్చుంది, తర్వాత నుదుటి మీద, తర్వాత అంతటా.

శుక్రవారం నేను వెళ్లేసరికి తలుపు దగ్గరే వాసన. పంది మాడిందో, ఈక మాడిందో అనిపించే వాసన. అద్దంలో అంకె 230. ఒక్కో పాయకు నాలుగు లాగుళ్లు. "టైం లేదత్తా, నిలవాలి కదా" అంది, నా మొహం చూడకుండా. నేలమీద చిన్నచిన్న వెంట్రుక ముక్కలు, విరిగినవి. కింద కారు హారన్ కొడుతోంది. మా వదిన మెట్ల మీంచి కేకేస్తోంది.

తీరా బయల్దేరబోతుంటే కంచిపట్టు పైట కుచ్చిళ్ల దగ్గర ఒక మడత. ఇస్త్రీపెట్టె తెచ్చే వ్యవధి లేదు. పిల్ల చేతిలో ఉన్న యంత్రంతోనే ఆ అంచు నొక్కబోయి, టక్కున ఆగింది. బొటనవేలితో మీట నొక్కడం మొదలుపెట్టింది. 220. 210. 200. కింద హారన్. 170. 160. 150 వచ్చేదాకా, రేకు చల్లారేదాకా, ఊపిరి బిగబట్టి నిలబడింది.

"పట్టు కదత్తా," అంది, "కాలిపోతుంది."